2019లో కట్టడం ఆగిపోయిన క్రెడిట్ కార్డు బాకీకి ఇప్పుడు కేసు వేయగలరా?

బాకీ వసూలుకు దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. మామూలుగా చివరిగా డబ్బు కట్టిన తేదీ నుంచి, లేదా మీరు సంతకంతో బాకీ ఒప్పుకున్న తేదీ నుంచి లెక్క. అయితే కోవిడ్ వల్ల 15-3-2020 నుంచి 28-2-2022 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు ఈ లెక్కలోంచి తీసేసింది. కాబట్టి 2019 జూన్‌లో ఆగిన బాకీకి గడువు 2022లో కాదు, 2024 మధ్యదాకా నడిచింది. చాలామంది తప్పేది ఇక్కడే. ఇంకోటి, మీరు దేశం బయట ఉన్న కాలాన్ని సెక్షన్ 15 మినహాయిస్తుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు గడువు అంత తేలిగ్గా తీరదు.

గడువు లోపల కొంత కట్టి రాతలో ఒప్పుకుంటే మూడేళ్లు మళ్లీ మొదలు. గడువు దాటాక ఊరికే కట్టినంత మాత్రాన కేసు వేసే హక్కు మళ్లీ బతకదు గానీ, "కడతాను" అని సంతకం పెట్టి రాసిస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందమే. వసూలు ఏజెంటు సెటిల్‌మెంట్ కాగితం అంటూ తెచ్చేది తరచూ ఇలాంటిదే. చదవకుండా సంతకం పెట్టకండి.

గడువు తీరి కాలదోషం పట్టినా బాకీ మాసిపోదు, కోర్టు దారి మాత్రమే మూసుకుంటుంది. సిబిల్‌లో (అప్పుల చరిత్ర రికార్డులో) మచ్చ ఉంటుంది, ఫోన్లూ వస్తాయి, కాకపోతే ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి. ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు రాకపోయినా కోర్టు ఇచ్చే తీర్పు) పడితే దాన్ని 12 ఏళ్లదాకా అమలు చేయించుకోవచ్చు.