జపాన్ వాళ్లకి ఇంగ్లీష్ ఉచ్చారణ నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరూ ముందు ర, ల తేడా మీద పడతారు, కానీ నన్నడిగితే మొదట పట్టుకోవాల్సింది మధ్యలో దూరే అచ్చుల్ని. జపనీస్‌లో ‘న్’ లాంటి ఒకటిరెండు తప్ప హల్లు ఒంటరిగా నిలబడదు, అందుకే ‘స్ట్రైక్’ వాళ్ల నోట్లో ‘సు-తో-ర-ఇ-కు’ అయిపోయి, ఒక్క చప్పట్లో అయిపోవాల్సిన మాటకి ఐదు చప్పట్లు పడతాయి. మనం బస్‌ని బస్సు అన్నట్టే, ఇది బద్ధకం కాదు, మాతృభాష అలవాటు, దయచేసి విసుక్కోకండి. చప్పట్లు కొట్టిస్తూ, వెనక నుంచి కట్టుకుంటూ రమ్మనండి: ఐక్, రైక్, ట్రైక్, స్ట్రైక్. విదేశీ మాటలకి వాడే జపనీస్ లిపి కతకానాలో రాసుకోవడం మాత్రం మాన్పించాలి, ఆ లిపిలోనే అచ్చు అతుక్కుని ఉంటుంది.

ఇక ర, ల. జపనీస్‌లో ఈ రెండిటికీ కలిపి ఉన్నది ఒక్క ‘ర’నే; దానికి నాలుక ఒక్కసారి తగిలి వచ్చేస్తుంది, ఇంచుమించు మన ‘ర’ లాగే. ఇంగ్లీష్ ‘ల’కి నాలుక కొనని పైపళ్ల వెనక ఆనించి కాసేపు ఉంచాలి, ‘ర’కి కొన ఎక్కడా తగలకూడదు. చెవికీ శిక్షణ కావాలి: ‘రైట్’, ‘లైట్’ లాంటి జంటల్ని నలుగురైదుగురి గొంతుల్లో వినిపించి, ఏది విన్నారో అడిగి, తప్పయితే అప్పుడే చెప్పండి. 1990ల్లో జపనీస్ వాళ్లతో చేసిన ప్రయోగాల్లో ఇలా వినడం వల్ల పలకడం కూడా మెరుగుపడింది.