అమ్మమ్మకి చూపించలేకపోయిన దీపం

చిరంజీవి కిరణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే శనివారం అమ్మానాన్నల్ని సుపీరియర్ సరస్సు ఒడ్డున కొండ మీదున్న స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్‌కి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం నాన్నా. వెళ్లేముందు ఈ ఉత్తరం ఒకసారి చదువుకో.

మీ అమ్మమ్మ మినియాపోలిస్ వచ్చినప్పుడు నేనూ తీసుకెళ్లాను. ఆ రోజు ఆలస్యంగా బయల్దేరి, దారిలో షాపుల దగ్గర ఆగి, మూసేసే వేళకి చేరాం. కొండ మీద గబగబా నాలుగు ఫొటోలు తీసి వెనక్కి తిప్పేశాను. కారెక్కాక అమ్మ, "దీపం చూపించలేదేమే?" అంది. ఆవిడ మళ్లీ అమెరికా రాలేదు. ఆ మాట నాకిప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. అందుకే ముందు చెప్పేదిదే: తెల్లవారకముందే బయల్దేరండి. మూడు గంటల పైనే ప్రయాణం. లోపలికి టికెట్ ఉంటుంది, వేళలు కాలాన్నిబట్టి మారుతుంటాయి, ముందురోజే చూసుకో.

దారిలో ఆ సరస్సు ఒడ్డునే ఉన్న డులూత్ ఊళ్లో ఓడలు వచ్చే కాలువ దగ్గర కాసేపు ఆపు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. 1905 నవంబరు 28న పెద్ద తుఫానులో మటాఫా అనే ఓడ ఆ కాలువలోకి రాబోయి గోడకి కొట్టుకుని విరిగిపోయింది. ఊరి జనం ఒడ్డున మంటలు వేసుకుని రాత్రంతా చూస్తూ నిలబడ్డారు, ఎవరూ దగ్గరికి వెళ్లలేకపోయారు. ఓడ వెనక భాగంలో ఉన్న తొమ్మిదిమంది చలికి బిగుసుకుపోయి చనిపోయారు. ఆ తుఫానులోనే మడీరా అనే మరో నౌక ఇప్పటి లైట్‌హౌస్‌కి దగ్గర్లోనే బండలకి కొట్టుకుని మునిగింది. ఆ నష్టాలు చూశాకే అక్కడ దీపం పెట్టాలని పట్టుబట్టారు. ఈ కథ మీ నాన్నకి కాలువ గట్టు మీదే చెప్పు. ఆ నీళ్లు చూస్తూ వింటే సరస్సులో తుఫానేమిటన్న అనుమానం ఉండదు. సుపీరియర్ అంటే అవతలి ఒడ్డు కనబడని నీళ్లు, కొన్నిచోట్ల 400 మీటర్ల పైన లోతు.

లైట్‌హౌస్ దగ్గర నిలబడ్డాక ఒక్క సంగతి గుర్తుచేసుకో: 1910లో దీపం వెలిగించేనాటికి అక్కడికి రోడ్డే లేదు. ఇటుక దగ్గర్నుంచి ఇనుము దాకా పడవలో తెచ్చి, ఆవిరి క్రేనుతో ఆ నిటారు కొండ మీదికి లాగారు. రోడ్డు 1924లో గాని రాలేదు. దీపం కాసేవాళ్ల ఇటుక ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, ఒకదాన్ని ఆ రోజుల్లో ఉన్నట్టే సర్దిపెట్టారు. వంటిల్లు మీ అమ్మకి తప్పకుండా చూపించు, అలాంటివి దానికి ఇష్టం.

ఇక టవర్. బయటినుంచి చూస్తే పొట్టిగానే ఉంటుంది, 54 అడుగులే. కొండే దాని ఎత్తు. లోపల మెట్లు తక్కువే, మీ అమ్మ రైలింగ్ పట్టుకుని నెమ్మదిగా ఎక్కగలదు. పైన దీపం చుట్టూ ఉండే అద్దం (లెన్స్) దగ్గర తొందరపడకండి. పారిస్‌లో చేయించిన ఆ అద్దం రెండు చిప్పలు కలిపి నిలబెట్టిన ఆల్చిప్పలా ఉంటుంది. వంపు వంపుగా కోసిన గాజు పలకలు ఇత్తడి చట్రంలో వరసలుగా బిగించి ఉంటాయి. అంత బరువూ పాదరసం మీద తేలుతుంది, అందుకే అలవోకగా తిరుగుతుంది. టవర్ మధ్యలో వేలాడే బరువు కిందికి దిగుతూ దాన్ని తిప్పేది. గోడగడియారానికి కీ ఇచ్చినట్టు రెండు గంటలకోసారి ఎవరో ఒకరు ఆ బరువుని పైకి చుట్టాలి. రాత్రంతా, ఓడలు తిరిగే కాలంలో ఏ రాత్రీ మానకుండా. 1940లో కరెంటు వచ్చేదాకా కిరసనాయిలు దీపమే. ఒక చిప్ప ఎదురుగా వచ్చేదాకా ఆగి చూడమను, గాజు అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు కనబడతాయి. అక్కడున్న గైడ్లని అడుగు, ఓపిగ్గా చెబుతారు.

కింద ఒడ్డుకి నూట డెబ్బై మెట్లదాకా ఉన్నాయి. మీ నాన్న మోకాళ్లతో అటు దింపొద్దు. దిగడం తేలికే, ఎక్కడమే ప్రాణం తీస్తుంది. దానికి బదులు పార్కు వైపు పిక్నిక్ స్థలం దగ్గర కారు పెట్టి (పార్కు పర్మిట్ తీసుకో), గులకరాళ్ల ఒడ్డుకి నడిపించు. కొండ మీద లైట్‌హౌస్ మొత్తం అక్కణ్ణుంచే కనబడుతుంది. తడి రాళ్లు మహా జారుడు, చెయ్యి వదలొద్దు. పులిహోర, పెరుగన్నం అక్కడే తినండి. జూలై అయినా సరే గాలి చల్లగా కొడుతుంది. మీ నాన్నకి మంకీ క్యాప్, అమ్మకి శాలువా మర్చిపోకు.

వాళ్లు నవంబరుదాకా ఉంటే 10వ తేదీన ఇంకోసారి తీసుకెళ్లు. 1975లో ఇదే సరస్సులో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడతో మునిగిపోయిన 29 మంది పేర్లు ఆ సాయంత్రం గంట కొడుతూ చదువుతారు, తర్వాత దీపం వెలిగిస్తారు. 1969లోనే పని ఆపేసిన దీపమది. చీకటి పడ్డాక టవర్ ఎక్కనిచ్చేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. చలి గట్టిగా ఉంటుంది, అయినా వెళ్లండి.

మీ అమ్మ ఆ అద్దం ముందు నిలబడ్డప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి.

ఉంటాను,
పెద్దమ్మ