కోర్టు డిక్రీ డబ్బుకు అసెంబ్లీ ఓటు వేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నాకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉండేది. కొన్నేళ్ల కింద కాలువ కట్ట తెగి పదిహేను రోజులు తోటలో నీళ్లు నిలబడిపోయాయి. వేర్లు కుళ్లి, కాపు మీదున్న చెట్లన్నీ ఎండిపోయాయి. కట్ట కారుతోందని అంతకు ముందే రెండుసార్లు అర్జీ ఇచ్చాం, ఎవరూ పట్టించుకోలేదు. ప్రభుత్వం మీద దావా వేస్తే రూ.6,40,000 నష్టపరిహారం, 6 శాతం వడ్డీ ఇవ్వాలని కోర్టు డిక్రీ ఇచ్చింది. పద్నాలుగు నెలలైంది, పైసా రాలేదు. ఆఫీసులో అడిగితే ‘బడ్జెట్ లేదు, అసెంబ్లీలో పాస్ కావాలి’ అంటున్నారు. ఎమ్మెల్యే గారిని కలిస్తే వచ్చే సమావేశాల్లో చూద్దామన్నారు. నిజంగా అసెంబ్లీ ఒప్పుకుంటేనే నా డబ్బు వస్తుందా? ఇంకో సంగతి. నిరుడు అదే చోట మళ్లీ కట్ట తెగి మా బావ వేరుశనగ పోయింది. ఆయనకు ఇన్‌పుట్ సబ్సిడీ పడింది గానీ, జరిగిన నష్టానికి అది ఏ మూలకూ రాదు. ఆయన కూడా కోర్టుకు పోవచ్చా?

జవాబు: అసెంబ్లీ ఒప్పుకోవాల్సిన పని లేదు. మీ డిక్రీ మీద అక్కడ ఓటింగ్ పెట్టరు, పెట్టకూడదు కూడా. రాజ్యాంగం 202వ అధికరణంలో మూడో క్లాజు చూడండి. రాష్ట్ర సంఘటిత నిధి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా మీద నేరుగా పడే ఖర్చులు అక్కడ వరసగా ఉంటాయి. గవర్నరు జీతభత్యాలు, స్పీకరు జీతం, రాష్ట్రం చేసిన అప్పులకు వడ్డీలు, హైకోర్టు జడ్జీల జీతాలు, ఆ వెంటనే కోర్టు తీర్పు, డిక్రీ, ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తి తీర్పు) కింద చెల్లించాల్సిన సొమ్ము. గవర్నరు గారి జీతం, మీ చీనీ తోట డబ్బు ఒకే జాబితాలో ఉన్నాయన్నమాట. వీటిని ఛార్జ్‌డ్ ఖర్చు అంటారు. 203వ అధికరణం ప్రకారం వీటి గురించి సభలో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు గానీ, ఓటుకు పెట్టడానికి లేదు.

ఎందుకలా రాసుకున్నారంటే, కోర్టు ఇమ్మన్న డబ్బును సభలో మెజారిటీ ఉన్నవాళ్లు ఆపగలిగితే ఇక తీర్పుకు విలువేముంది? మనవాళ్ల ఊరికైతే పాస్ చేస్తారు, అవతలి వర్గం ఊరికైతే పక్కన పెడతారు. మన సీమలో అది ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పాలా!

అయితే ఆఫీసువాళ్ల మాటలో సగం నిజం ఉంది. ఛార్జ్‌డ్ అయినా, ఓటు వేసిందైనా, ఖజానా నుంచి డబ్బు కదలాలంటే 204వ అధికరణం కింద ద్రవ్య వినిమయ చట్టంలో ఆ మొత్తం చేరి ఉండాలి. ఏటా బడ్జెట్ సమావేశాల చివర్లో పాసయ్యేది అదే. అందులో ఛార్జ్‌డ్ మొత్తాన్ని పెంచుతూ గానీ తగ్గిస్తూ గానీ సవరణ పెట్టడానికి ఏ సభ్యుడికీ హక్కు లేదు. ఏడాది మధ్యలో ఆ కేటాయింపు అయిపోతే 205 కింద అనుబంధ కేటాయింపు తెచ్చుకోవచ్చు. అంతదాకా ఆగలేకపోతే 267 కింద ఆగంతుక నిధి (అనుకోని ఖర్చులకు పెట్టిన నిధి) నుంచి అడ్వాన్సు తీసుకోవచ్చు. ఈ లెక్కలన్నీ ఆర్థిక శాఖ చూసుకోవాల్సినవి. వాటి కోసం మీరు ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడక్కర్లేదు. ఎమ్మెల్యే సభలో ప్రశ్న వేస్తే ఫైలు మీద దుమ్ము కొంత రాలుతుందేమో, వద్దనను. ఆయన మర్చిపోయినా మీ హక్కుకు వచ్చిన లోటేమీ లేదు.

చాలాసార్లు ‘బడ్జెట్ లేదు’ అంటే ఫైలు ఇంకా ఆర్థిక శాఖ గడప తొక్కలేదని అర్థం. డిక్రీ వచ్చాక ముందు ప్రభుత్వ ప్లీడరు అభిప్రాయం అడుగుతారు, అప్పీలుకు పోవాలా వద్దా అని. ఆ కాగితం డివిజన్ నుంచి సర్కిల్‌కు, అక్కడి నుంచి పై ఆఫీసుకు, ఆపైన సచివాలయానికి పోతుంది. చెల్లిద్దామని తేలాక మంజూరు ఉత్తర్వు రావాలి, సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో) బిల్లు పెట్టాలి, ట్రెజరీ పాస్ చేయాలి. ఈ దారిలో ఒక్క సెక్షన్‌లో ఒక్కరు ట్రాన్స్‌ఫర్ అయితే చాలు, మూడు నెలలు ఇట్టే పోతాయి. మీది ఎక్కడ ఆగిందో తెలియాలంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఫలానా కేసు నంబరు డిక్రీ మీద ఇప్పటిదాకా తీసుకున్న చర్యలు, నోట్ ఫైలు కాపీలు ఇవ్వమని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు రేపు కోర్టులోనూ పనికొస్తుంది.

ఇక అసలు చేయాల్సిన పని ఈపీ, అంటే డిక్రీని అమలు చేయించమని కోర్టులో వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్. ప్రభుత్వం మీద వచ్చిన డిక్రీని మూడు నెలల దాకా అమలుకు పెట్టకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షన్ చెబుతుంది. మీకు పద్నాలుగు నెలలైంది కాబట్టి ఆ అడ్డు ఎప్పుడో పోయింది. ఈపీకి గడువు పన్నెండేళ్లు ఉంది కదా అని కూర్చోకండి. డిక్రీ తేదీకి రెండేళ్లు దాటితే ముందుగా నోటీసు ఇవ్వాల్సి వస్తుంది, దానికి ఇంకొన్ని వాయిదాలు.

ఈపీ వేసే ముందు ప్రభుత్వం తరఫున అప్పీలు ఏమైనా పడిందేమో మీ వకీలుతో చూపించుకోండి. పడినా భయం లేదు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు, పై కోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది. ఆలస్యంగా వేసి, ఫైలు టేబుళ్ల మీద తిరిగిందని కారణం చెబితే మీ తరఫున గట్టిగా అభ్యంతరం చెప్పాలి. ఆ సాకు ప్రభుత్వానికైనా చెల్లదని 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్, లివింగ్ మీడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు కట్టలేదని కోర్టు ధిక్కారం కింద వేద్దామని కొందరు సలహా ఇస్తారు. డబ్బు డిక్రీకి దారి ఈపీయే. అవతలి దారిలో పోతే కాలం పోతుంది, చివరికి ఖర్చే మిగులుతుంది.

ఈపీలో జప్తు అడిగేటప్పుడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాలి. ఏ వస్తువులు జప్తు చేయాలో షెడ్యూలు రాసిచ్చేది మీరే. అందుకే ముందుగా ఒకసారి ఆ ఆఫీసు ఆవరణలోకి పోయి చూసి రండి. అక్కడ నిలబడ్డ కార్లలో పసుపు రంగు నంబరు ప్లేటు ఉంటే అది అద్దె బండి, ఎవరో ట్రావెల్స్ వాళ్లది. దాన్ని షెడ్యూల్లో రాస్తే బండి నాదని యజమాని క్లెయిమ్ పిటిషన్ వేస్తాడు, మీకు ఇంకో వాయిదాల వరస మొదలవుతుంది. ప్రభుత్వం పేరు మీదున్న జీపు నంబరు, కంప్యూటర్లు, ప్రింటర్లు, ఏసీలు, కుర్చీలు రాయండి. వారెంటు వచ్చిన రోజు కోర్టు అమీనా (జప్తు చేసే కోర్టు ఉద్యోగి) వెంట మీరూ ఉండాలి, వస్తువులు చూపించాల్సింది మీరే. లోపలికి పోయి అమీనా ఒక్కో కంప్యూటర్ దగ్గర నిలబడి రాసుకోవడం మొదలుపెట్టేసరికి ఆఫీసు వాతావరణం మారిపోతుంది. అప్పటిదాకా తల ఎత్తని సూపరింటెండెంటు కుర్చీ వేయిస్తాడు. ‘ఫైళ్లున్న బీరువా మాత్రం ముట్టుకోవద్దు సార్’ అంటారు. లోపలి గదిలోంచి ప్రభుత్వ ప్లీడరుకు ఫోను పోతుంది. సాయంత్రానికి గడువు కావాలని మెమో పడుతుంది. కోర్టు ఆ గడువు ఇస్తే ఇవ్వనివ్వండి. అయితే ఊరికే కాకుండా, కొంత సొమ్ము డిపాజిట్ చేయాలన్న షరతు మీద ఇమ్మని మీ వకీలును అడగమనండి. మీకు కావాల్సింది ఆ కుర్చీలు కాదు. అవి వేలం వేస్తే ఎంతొస్తుంది? డబ్బు కోర్టులో జమ కావాలి. అయ్యాక ఆ డబ్బు ఇప్పించమని చెక్ పిటిషన్ వేసి తీసుకోవచ్చు.

వడ్డీ సంగతి కూడా గుర్తుంచుకోండి. 6 శాతం లెక్కన మీ అసలు మీద నెలకు రూ.3,200 పెరుగుతోంది. ఈ పద్నాలుగు నెలలకే రూ.44,800. డిక్రీ కాపీలో వడ్డీ ఏ తేదీ నుంచి ఉందో చూసుకుని, ఖర్చులతో కలిపి ఈపీలో లెక్క వేయించండి. అసలు ఒక్కటే ఇచ్చి ‘పూర్తి చెల్లింపు’ అని రసీదు అడిగితే సంతకం పెట్టకండి.

ఇప్పుడు మీ బావ సంగతి. ఇన్‌పుట్ సబ్సిడీ, ఎక్స్‌గ్రేషియా అన్నవి ప్రభుత్వం తన నిబంధనల ప్రకారం అందరికీ ఒకే రేటున ఇచ్చే సాయం. ప్రకృతి వల్ల నష్టం జరిగిందా, ఆఫీసర్ల నిర్లక్ష్యం వల్ల జరిగిందా అని అక్కడ చూడరు. నష్టపరిహారం అలా కాదు. తప్పు ఎవరిది, పోయింది ఎంత అని రుజువు చేసి హక్కుగా తీసుకునేది. సబ్సిడీ తీసుకున్నాడు కాబట్టి దావా వేయకూడదని ఎక్కడా లేదు. వచ్చిన మొత్తాన్ని కోర్టు మినహాయిస్తే మినహాయించవచ్చు, అంతే.

‘సర్కారు మీద దావా నిలుస్తుందా’ అని మన దగ్గర ఇప్పటికీ అడుగుతుంటారు. నిలుస్తుంది. దానికి మన ప్రాంతపు కేసే ఒకటి ఉంది. 1977 మే నెలలో కోయిలకుంట్ల సబ్ జైలు మీద రాత్రిపూట బాంబులు వేశారు. లోపల ఉన్న తండ్రీ కొడుకుల్లో తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. ప్రాణభయం ఉందని చెప్పినా కాపలా సరిగా పెట్టలేదని కుటుంబం రాష్ట్రం మీద రూ.10 లక్షలకు దావా వేసింది. కింది కోర్టు గడువు దాటిందని కొట్టేసింది. హైకోర్టు రూ.1,44,000, దాని మీద 6 శాతం వడ్డీ ఇవ్వాలంది. సార్వభౌమాధికారం కింద జరిగిన పనులకు మేం బాధ్యులం కాదని రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2000లో అక్కడా ఓడిపోయింది. అదే చల్లా రామకృష్ణారెడ్డి కేసు. అంతకు ముందే, 1994లో, ఎరువుల వ్యాపారి నాగేంద్రరావు కేసులో మన రాష్ట్రం మీదే ఇంకో తీర్పు వచ్చింది. జప్తు చేసిన సరుకును పాడుపెడితే ప్రభుత్వమే కట్టాలని. జైలు కాపలాకే ఆ వాదన నిలవకపోతే, కాలువ కట్ట బాగు చేయకపోవడానికి ఎక్కడ నిలుస్తుంది?

అసలు ప్రభుత్వ బాధ్యత మీద స్పష్టమైన చట్టం ఒకటి చేయాలని 1956లోనే లా కమిషన్ తన మొదటి నివేదికలో చెప్పింది. 1960లలో పార్లమెంటులో బిల్లు పెట్టారు గానీ పాస్ కాకుండానే మురిగిపోయింది. చట్టసభ ఆమోదం గురించి దిగులు పడాలంటే ఇక్కడ పడాలి. ఆ చట్టం లేకపోవడం వల్లే ప్రతి కేసులోనూ పాత వాదన మళ్లీ తెస్తారు, ప్రతిసారీ పాత తీర్పులు మళ్లీ చూపించాలి.

కోయిలకుంట్ల కేసులో గొడవంతా గడువు దగ్గరే నడిచింది. చట్టం కింద విధి నిర్వహణలో చేసిన పనికి నష్టం అడిగితే ఏడాదే గడువని ఒక నిబంధన ఉంది. మామూలుగా వర్తించేది మూడేళ్లు. ఆ కేసులో మూడేళ్లే అని పై కోర్టులు అన్నాయి. కానీ మీ బావ ఆ వాదన దాకా తెచ్చుకోవడమెందుకు? ఏడాది దాటకపోతే ఈ వారమే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద నోటీసు ఇప్పించండి. కలెక్టరుకు గానీ, సంబంధిత శాఖ కార్యదర్శికి గానీ వాళ్ల ఆఫీసులో రాతపూర్వకంగా అందాలి. జరిగింది ఏమిటి, ఎంత అడుగుతున్నారు అనేది అందులో ఉండాలి. రెండు నెలలు ఆగాకే దావా. ఆ రెండు నెలలు గడువు లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి నష్టం లేదు. జవాబు వస్తుందని మాత్రం ఎదురు చూడకండి. ఈ నోటీసులకు ప్రభుత్వాలు సరిగా జవాబివ్వడం లేదని 2005లో సుప్రీంకోర్టే బాధపడింది. దావాలో ప్రతివాదిగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాన్నే చేర్చాలి. ఇంజనీరు పేరు ఒక్కటే రాసి వేసిన దావాలు మొదట్లోనే కుంటుపడతాయి.

సాక్ష్యం విషయంలో మీరు ఆయనకంటే నయం, ముందే అర్జీలిచ్చారు. అదే చోట మళ్లీ తెగింది కాబట్టి మీ కేసు తీర్పు నకలు ఆయనకు పెద్ద ఆధారం. ఈ-క్రాప్ (పంట) నమోదు, అడంగల్, 1బీ భూమి రికార్డులు, నష్టం అంచనా వేసినప్పటి జాబితా, తెగిన కట్ట ఫొటోలు తేదీలతో సహా దగ్గర పెట్టుకోమనండి. కోర్టు ఫీజుకు, వకీలుకు డబ్బు లేదంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వరద, కరువు బాధితులకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. ఈ సంగతి తెలిసిన రైతులు తక్కువ.

అక్కడే లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మని అడగవచ్చు. కొంత తగ్గించుకోవాల్సి వస్తుంది గానీ, అవార్డు మీద అప్పీలు ఉండదు, పెండింగ్ కేసైతే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. మీ ఈపీలోనూ ప్రభుత్వ ప్లీడరు ఆ మాట తేవచ్చు. వడ్డీలో కొంత వదులుకోవడం మీ ఇష్టం, అసలులో మాత్రం ఒక్క రూపాయి కూడా వదలొద్దని నా సలహా. ఏ తేదీలోపు డిపాజిట్ చేస్తారో రాజీ పత్రంలో రాయించుకోండి. ఆ తేదీ దాటితే మొత్తం వడ్డీ మళ్లీ వర్తిస్తుందన్న వాక్యం కూడా అందులోనే ఉండాలి.