స్లీవ్ ఆపరేషన్ అయ్యాక రాత్రిళ్లు తిని కక్కేస్తున్నా.. మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. వరంగల్ దగ్గర ఉంటాం. రెండేళ్ల కిందట 112 కిలోలున్నప్పుడు బరువు తగ్గడానికి పొట్టను కుదించే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నా. ఏడాదిన్నరలో 74కు తగ్గా. ఆరు నెలలుగా మళ్లీ పెరిగి 81 అయ్యా. పగలంతా కడుపు మాడ్చుకుంటా. రాత్రి అందరూ పడుకున్నాక మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ కొద్దికొద్దిగా గంటసేపు తింటూనే ఉంటా. ఆపుదామన్నా చెయ్యి ఆగదు. తర్వాత భయమేసి గొంతులో వేలు పెట్టుకుని కక్కేస్తా. నాలుగు నెలలుగా వారానికి మూడు నాలుగుసార్లు ఇదే. జుట్టు ఊడుతోంది, అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి. ‘లక్షలు పోసి ఆపరేషన్ చేయించినా బుద్ధి రాలేదు’ అంటారని ఇంట్లో చెప్పలేదు. సర్జన్ దగ్గరికెళ్లాలన్నా సిగ్గుగా ఉంది. మళ్లీ ఆపరేషన్ చేయించుకుంటే తగ్గుతుందా?
- ఒక సోదరి

జవాబు: అరికాళ్ల తిమ్మిర్ల గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను అక్కడే మొదలుపెడతాను. మిగతావి సర్దుకోవడానికి నెలలు పట్టినా ఫర్వాలేదు, దీనికి మాత్రం ఆలస్యం పనికిరాదు. సరిగా తినకుండా, తరచూ కక్కేవాళ్లలో బి1 విటమిన్, అంటే థయమిన్, తొందరగా అడుగంటుతుంది. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. పొట్ట చాలావరకు తీసేయడం వల్ల బి12 ఒంటబట్టడం కూడా తగ్గుతుంది. మీ తిమ్మిర్లకు వీటిలో ఒకటి కారణం కావొచ్చు, రెండూ కావొచ్చు. బి1 మరీ పడిపోతే మెదడే దెబ్బతింటుంది. ఒక వస్తువు రెండుగా కనిపించడం, నడుస్తుంటే తూలిపోవడం, మనిషి అయోమయంగా మాట్లాడటం దాని గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఈ సందర్భంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నీరసంగా ఉంటే దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి గ్లూకోజ్ ఎక్కించుకోవడం మన దగ్గర మామూలే. బి1 లోపం ఉన్నవాళ్లకు ముందు బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి పరిస్థితి ఒక్కసారిగా విషమించే ప్రమాదం ఉంది. ఎక్కడికెళ్లినా ‘నాకు స్లీవ్ అయింది, వాంతులవుతున్నాయి, ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారా?’ అని మీరే అడగండి. ఈ ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్ని కలిసి పొటాషియం, మెగ్నీషియం, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, ఆల్బుమిన్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. వాంతులతో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, అందుకే ఈసీజీ. బి1 చికిత్సకు మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగరు, అనుమానం ఉంటే చాలు, మొదలుపెడతారు. జుట్టు ఊడటం వెనక ప్రొటీన్, ఐరన్ లోపం ఉండొచ్చు. అదీ ఈ పరీక్షల్లోనే తేలుతుంది.

ఇక అసలు సంగతి. మీకున్నది బుద్ధి లేకపోవడం కాదమ్మా, జబ్బు. చికిత్స ఉన్న జబ్బు. స్లీవ్‌లో పొట్టను దాదాపు ముప్పాతిక వంతు తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. అందుకే మొదటి ఏడాది ఆకలి పెద్దగా తెలియదు, బరువు దానంతటదే దిగుతుంది. కానీ దిగులేసినప్పుడు, కోపమొచ్చినప్పుడు, రోజంతా అందరికీ చేసిపెట్టి అలిసిపోయినప్పుడు తిండిలో ఊరట వెతుక్కునే అలవాటును ఏ సర్జనూ కోసి తీయలేడు. ఆపరేషన్‌కు ముందు కూడా ఎవరూ చూడకుండా తిన్న రాత్రులు మీకున్నాయా? చాలామందిలో ఉంటాయి. కొత్తలో పొట్ట పట్టనివ్వదు కాబట్టి ఆ అలవాటు పోయిందనుకుంటారు. తర్వాత అది రూపం మార్చుకుని వస్తుంది. అప్పుడు పళ్లెం నిండా తినేవారు, ఇప్పుడు గుప్పెడు గుప్పెడుగా గంటల తరబడి తింటారు.

ఇందులో ఒంటి పాత్ర కూడా ఉంది. స్లీవ్ అయినవాళ్లకు ముద్దగా కలిపిన అన్నం, చపాతీ, చికెన్ ముక్క గబగబా తింటే ఛాతీ దగ్గర పట్టేసినట్టవుతుంది, నోట్లో నురగ వస్తుంది. బిస్కెట్, మిక్చర్, ఐస్‌క్రీమ్ ఏ ఇబ్బందీ లేకుండా జారిపోతాయి. అంటే అవసరమైన తిండి బాధపెడుతుంది, వద్దన్న తిండి హాయిగా దిగుతుంది. ఎన్నాళ్లో ఇలా జరిగితే మనిషి ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

అదుపు లేకుండా తినడాన్ని, అంటే బింజ్ ఈటింగ్‌ను, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో విడి జబ్బుగా గుర్తించింది. దాని లెక్కలో ‘మామూలు మనుషులు తినే దానికన్నా చాలా ఎక్కువ’ తినాలన్న షరతుంది. స్లీవ్ అయినవాళ్లు అంత తినలేరు. దాంతో ‘నేను తిన్నది రెండు గుప్పిళ్లే కదా, ఇది జబ్బెలా అవుతుంది’ అనుకుని ఏళ్ల తరబడి ఊరుకుంటారు. ఆపరేషన్ అయినవాళ్ల విషయంలో నేను ఎంత తిన్నారని కాకుండా, ఆపాలనుకున్నప్పుడు ఆపగలిగారా అని అడుగుతాను. మీరు ‘చెయ్యి ఆగదు’ అని రాశారు, నాకు ఆ మాట చాలు. పైగా కక్కేయడం తోడైంది. తినడం, కక్కడం వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలు సాగితేనే బులీమియా అంటాం. మీరు ఆ గీత ఎప్పుడో దాటారు.

వాంతుల విషయంలో ఒకటి తేల్చుకోవాలి. కొందరు మొదట్లో గొంతు దగ్గర పట్టేసిన ముద్ద వదిలించుకోవడానికే వేలు పెడతారు. పోనుపోను అది బరువు పెరగకుండా చేసే ఉపాయం అవుతుంది. మీకూ అలాగే మొదలైతే సర్జన్‌కు తప్పక చెప్పండి. స్లీవ్ మధ్యలో సన్నబడి ఉండొచ్చు, యాసిడ్ పైకి తన్నుతుండొచ్చు, వేగంగా బరువు తగ్గినవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు కూడా తరచూ వస్తాయి. ఎండోస్కోపీ, స్కానింగ్‌లతో ఇవి తెలుస్తాయి. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే, నాకు రాసినదాన్నే ప్రింటు తీసి సర్జన్ చేతికివ్వండి. అక్కడ మిమ్మల్ని తిడితే ఆ తప్పు వాళ్లది. నన్నడిగితే చెకప్‌కు వచ్చిన ప్రతి పేషెంటునూ బరువు తూచడంతో సరిపెట్టకుండా ‘ఎలా తింటున్నారు, కక్కుతున్నారా, మనసెలా ఉంది’ అని అడగడం ఆసుపత్రి బాధ్యత.

మళ్లీ ఆపరేషనా? ఇప్పుడు వద్దు. 38 కిలోలు తగ్గాక 7 కిలోలు వెనక్కి రావడం చాలామందిలో జరిగేదే. ఆపరేషన్ విఫలమైందని దానర్థం కాదు. స్లీవ్‌ను బైపాస్‌గా, అంటే పొట్ట పైభాగాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్‌గా, మార్చడం ఉంది, తీవ్రమైన యాసిడ్ సమస్య ఉన్నవాళ్లకు అది మంచి దారే. కానీ తినడం, కక్కడం ఇలా సాగుతుండగా చేస్తే విటమిన్ల లోపాలు ఇంకా ముదురుతాయి. బైపాస్ అయ్యాక తీపి తింటే గుండెదడ, చెమటలు పట్టే డంపింగ్ అనే ఇబ్బంది వస్తుంది కదా, ఆ భయంతోనైనా మానేస్తామని కొందరంటారు. భయం ఈ జబ్బును నయం చేయదు, భయంతోనే కదా మీరిప్పుడు కక్కుతున్నది. బరువు తగ్గించే ఇంజెక్షన్లూ సొంతంగా మొదలుపెట్టకండి, వాటికే వికారం, వాంతులు ఉంటాయి. అలాగే దిగులుకో, బరువు తగ్గడానికో బ్యూప్రోపియాన్ అనే మందు ఉన్న మాత్ర ఎవరైనా రాస్తే కక్కే సంగతి దాచొద్దు, మీలాంటివాళ్లకు దాంతో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

మీకు కావల్సింది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే మాటలతోనే ఆలోచనల్ని, అలవాట్లను మార్చే చికిత్స, తెలిసిన సైకాలజిస్టు లేదా సైకియాట్రిస్టు, పక్కన డైటీషియన్. చికిత్స ఎక్కడ మొదలవుతుందో వింటే మీకు ఆశ్చర్యమేస్తుంది: రాత్రి తిండి మానడంతో కాదు, పగలు తినడంతో. పగలంతా మాడిన ఒళ్లు రాత్రి తన బాకీ వసూలు చేసుకుంటుంది. పొద్దున లేచిన గంటలోపు ఏదో ఒకటి తినండి. మూడు పూటలా కొద్ది భోజనం, మధ్యలో రెండు చిరుతిళ్లు, ఎక్కడా నాలుగు గంటలకు మించి ఎడం వద్దు. ప్రతి పూటా మొదట గుడ్డో, పెరుగో, పనీరో, మెత్తగా ఉడికిన చేపో. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఒక గుడ్డులోనే ఉండేది 6 గ్రాములు, ఇక నీళ్లపప్పుతో అది తీరదు. బాగా నమిలి, ఇరవై ముప్పై నిమిషాలు తీసుకుని తినండి. నీళ్లు అరగంట ఆగి తాగండి. రాత్రి పదింటికి ఒక కప్పు పెరుగో పాలో కావాలనే పెట్టుకోండి, దొంగతనంగా కాదు. ఈ కొన్నాళ్లు శనివారం ఒక్కపొద్దులు, ఏకాదశి ఉపవాసాలు మానేయండి. దేవుడు ఏమీ అనుకోడు.

ఏదో ఒక రాత్రి మళ్లీ అదుపు తప్పుతుంది. తప్పినా కక్కకుండా అరగంట గడపడానికి చూడండి, ఆ తహతహ సాధారణంగా దిగిపోతుంది. కక్కినా తిన్నదంతా బయటికి రాదు. ఒకవేళ కక్కితే వెంటనే బ్రష్ చేయకండి, యాసిడ్‌తో మెత్తబడిన పంటి పైపొర అరిగిపోతుంది. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించి, గంట తర్వాత తోముకోండి. వాంతిలో రక్తం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లండి. మర్నాటి టిఫిన్ మాత్రం మానొద్దు. బరువు వారానికి ఒక్కసారే చూసుకోండి. అవసరమైతే డాక్టర్ ఫ్లూక్సెటిన్ లాంటి మందు జత చేస్తారు, అది బులీమియాలో పనిచేస్తుందని రుజువైంది.

ఇంట్లో చెప్పడం గురించి. అందరికీ ఒకేసారి చెప్పక్కర్లేదు. మీ మాట పూర్తిగా వినే ఒక్కరిని ఎంచుకోండి, మీవారో, అక్కో, స్నేహితురాలో. వాళ్లను సైకియాట్రిస్ట్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి, జబ్బు గురించి చెప్పే పని డాక్టర్‌కు వదిలేయండి. ఇది చదువుతున్న కుటుంబసభ్యులకు నా మనవి: ‘మళ్లీ లావవుతున్నావ్’, ‘ఇంతేనా తినేది’ అన్న రెండు మాటలూ మానేయండి. అందరికీ వడ్డించి ఆఖర్న ఒంటరిగా తినే కోడల్ని మీతోపాటు కూర్చోబెట్టుకోండి. ఈ ఆపరేషన్లు అయినవాళ్లలో కొందరికి ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయని పెద్ద అధ్యయనాల్లో తేలింది. అందుకే అడుగుతున్నా, బతకాలని లేదనిపిస్తోందా? అనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.