వయొలిన్ బేస్ కొంటున్న బుజ్జమ్మకు పెదనాన్న ఉత్తరం

విజయవాడ,
సత్యనారాయణపురం.

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బోనస్ డబ్బుతో నువ్వు ఫిడేలు ఆకారంలో ఉండే బేస్ గిటారు, అదే మంద్ర స్వరాలు పలికేది, కొంటున్నావట. ఆఫీసులో నలుగురు కలిసి బ్యాండు పెట్టారట. దసరాకు గుంటూరు బ్రాడీపేట పందిరిలో వాయిస్తారట, పైగా పాడేది కూడా నువ్వేనట. వాడు చెబుతున్నంతసేపూ నాకు లోపల ఒకటే గాభరా. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మ నన్ను చూసి, "ఎందుకలా నవ్వుకుంటున్నారు?" అని అడిగింది. నవ్వుతున్నానని అప్పుడు గాని నాకు తెలియలేదు.

మీ నాన్న బాధంతా ఒక్కటే. బజారులో అయిదు తీగల కొత్త బేసులు అన్ని ఉండగా ఈ పాతకాలపు బొమ్మ ఎందుకని. ఈ మాట రేపు సౌండు పెట్టేవాడూ అడుగుతాడు, మీ డ్రమ్ముల కుర్రాడూ అడుగుతాడు. కాబట్టి దానికి జవాబు ముందే విను.

ఆ ఆకారం సోకు కోసం పుట్టినది కాదు. ఈ బేస్ చేసిన హోఫ్నర్ వాళ్లది ఫిడేళ్లు చేసే ఇల్లు. 1887లో కార్ల్ హోఫ్నర్ షోన్‌బాఖ్ అనే ఊళ్లో మొదలుపెట్టాడు, ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అక్కడి జర్మన్లను వెళ్లగొడితే ఆ కుటుంబం జర్మనీలోని బవేరియాకు వచ్చి అక్కడ మళ్లీ పని మొదలుపెట్టింది. కార్ల్ కొడుకు వాల్టర్ బేస్ గిటారు చేయాలనుకున్నప్పుడు తన చేతికి అలవాటైన పనే చేశాడు. పైన స్ప్రూస్ చెక్క పలక, వెనకా పక్కలా మేపుల్ చెక్క, లోపల బోలు. 1956లో అది బయటికి వచ్చింది, 500/1 అని నంబరు పెట్టారు. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1953లోనే ఫిడేలు ఆకారంలో బేస్ చేసింది కానీ అది గట్టి చెక్క. బయటి గీత రెండింటికీ ఒకటే. లోపల బోలు కావడంతో హోఫ్నర్‌ది వేరే వాయిద్యమైపోయింది.

బోలు కాబట్టి బరువు లేదు, 2.5 కిలోలు కూడా తూగదు. గట్టి చెక్కతో చేసే ఫెండర్ కంపెనీ బేస్ 4 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. దుకాణంలో అయిదు నిమిషాలు తగిలించుకుంటే ఈ తేడా ఎవరికీ తెలియదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభ మీద తెల్లవారేదాకా నిలబడి వాయిస్తే తెలుస్తుంది. నేను ఎక్కువ కాలం వాయించినది బరువైనదే. నా ఎడమ భుజం ఎప్పుడైనా చొక్కా తొడుక్కుంటున్నప్పుడు చూడు, ఇంకేమీ చెప్పనక్కరలేదు.

తీగ పొడవు కూడా తక్కువ, దీనిది 30 అంగుళాలు, ఫెండర్‌ది 34. మెడ మీద మొదటి మెట్ల దగ్గర వేళ్లు అంతగా చాచనక్కరలేదు, తీగ బిగువూ తక్కువే. చిన్న చేతులవాళ్లకు, పాడుతూ వాయించేవాళ్లకు ఇంతకన్నా సుఖం లేదు.

ఇక ధ్వని. ఈ బేస్ మీద స్వరం చాలాసేపు నిలవదు. మృదంగం తొప్పి మీద అరచెయ్యి వేసినట్టు "ధుం" అని గుండ్రంగా పుట్టి, పని కాగానే తప్పుకుంటుంది. కొత్తవాళ్లు దీన్ని లోపమంటారు, వాయించేవాళ్లు దీనికోసమే ప్రాణం పెడతారు. స్వరం త్వరగా తప్పుకుంటే పక్కన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో పాట మాట వినబడుతుంది, ఢోలక్ వినబడుతుంది, నువ్వు వేసే తరువాతి స్వరం ముందుదాని మీదికి ఎక్కదు. గబగబా నడిచే వరసలు కూడా అలుక్కుపోకుండా విడివిడిగా పలుకుతాయి. పై తీగల మీద నువ్వు పాటకు ఎదురుపాటలాంటిది అల్లుకుంటూ పోవచ్చు. దీనికి చుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలే వెయ్యి. గరుకువి వేస్తే గణగణమంటాయి, అందుకైతే ఈ బేస్ కొనడమే దండగ.

లోపాలు లేవని అనను. అన్నిటికన్నా లావు తీగను మెట్టు నొక్కకుండా వట్టిగా మీటితే మొద్దుగా పలుకుతుంది. శబ్దం పెంచితే బోలు పొట్ట ఊళ పెడుతుంది, సౌండువాళ్లు దాన్నే హౌలింగ్ అంటారు. స్పీకరుకు ఎదురుగా నిలబడకుండా పక్కకు జరుగు. పొట్టకన్నా తల బరువు కాబట్టి చెయ్యి వదిలితే మెడ కిందికి వాలిపోతుంది, లోపలివైపు గరుకుగా ఉండే వెడల్పాటి తోలు బెల్టు తీసుకో. కంట్రోల్ పలక మీద ఉన్న మూడు మీటల మీద రాసినది నమ్మకు, ఏది ఏం చేస్తుందో ఇంట్లో చెవితో తేల్చుకో.

నీ పుర్రచేతి సంగతికి వస్తాను. నువ్వు ఎడమచేత్తో పెన్సిలు పట్టినప్పుడల్లా మీ నాయనమ్మ చేతి మీద ఒకటి వేసేది, మీ పెద్దమ్మ నిన్ను చంకనేసుకుని వంటింట్లోకి తీసుకుపోయేది. బీటిల్స్ బ్యాండులో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీదీ పుర్రచెయ్యే. 1961లో హాంబర్గ్‌లో వాయించుకుంటున్న రోజుల్లో ఫెండర్ కొనే స్తోమత లేక, సుమారు 30 పౌండ్లు పెట్టి ఈ బేస్ కొన్నాడు. రెండు వైపులా ఒకేలా ఉన్న ఆకారం కాబట్టి ఎడమచేత్తో పట్టుకున్నా వికారంగా కనబడదనుకున్నానని తరువాత ఆయనే చెప్పాడు. ఇది విని దుకాణంవాడు, "మామూలుదే తిరగేసి తీగలు మార్చి ఇస్తాను మేడం" అంటాడు. ఒప్పుకోకు. ఆకారం సమానమే గాని పనితనం సమానం కాదు. మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీని నట్ అంటారు, అందులో గాళ్లు ఒక్కో తీగ లావును బట్టి కోసి ఉంటాయి. తిరగేస్తే లావు తీగ సన్నగాడిలో కూర్చోదు, సన్నతీగ లావు గాడిలో కదులుతూ జిరజిరమంటుంది. మీటలన్నీ పైకి వచ్చి ముంజేతికి తగులుతాయి. నెల ఆలస్యమైనా సరే, ఎడమచేతివాటానికి చేసినదే తెప్పించమను. జర్మనీలో చేసినవి లక్షల్లో ఉంటాయి, వాటి జోలికి పోకు. అదే కంపెనీ చైనాలో చేయించే రకాలు నీకు చాలు.

ఇంతవరకు చెప్పినది మరచిపోయినా నేనేమీ అనను. ఇక్కడినుంచి జాగ్రత్తగా చదువు.

మా ఆర్కెస్ట్రా పార్టీలో నాకు ముందు బేస్ వాయించిన అన్న ఒకాయన ఉండేవాడు. నేనప్పుడు రిథమ్ గిటారు. ఆయన మద్రాసులో ఒక స్టూడియో వాయిద్యకారుడి దగ్గర పాత వయొలిన్ బేస్ కొన్నాడు, అచ్చంగా జర్మనీదే. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ప్రోగ్రాం అయ్యాక మేము భోజనాలకు పరిగెత్తితే ఆయన పంచె కొంగుతో తీగలు తుడుస్తూ కూర్చునేవాడు.

రోహిణీ కార్తెలో తెనాలి దగ్గర ఒక పల్లెలో పెళ్లి ప్రోగ్రాం. పొద్దున్నే చేరుకున్నాం. పిల్లలు డ్రమ్ముల చుట్టూ మూగి కర్రలు లాగుతున్నారు. వీళ్ల చేతుల్లో పడితే అంతేనని ఆయన బేసును కేసులో సర్ది, వ్యానులో పెట్టి, తలుపు మూసి తాళం జేబులో వేసుకున్నాడు. భద్రం చేశాననే అనుకున్నాడు. పొద్దున ఉన్న చెట్టునీడ మధ్యాహ్నానికి అక్కడ ఉంటుందా? బయట 45 డిగ్రీలుంటే మూసిన బండిలో 60 దాటుతుంది. పాతకాలపు జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది. తీగలు మెత్తబడవు కదా, నాలుగూ కలిసి మెడను ముందుకు లాగుతూనే ఉంటాయి.

సాయంత్రం కేసు తెరిస్తే పైకి ఏమీ తెలియలేదు. భుజాన వేసుకుని మీటితే శ్రుతి దిగిపోయి ఉంది, తీగలు మెట్ల మీదినుంచి ఎత్తుగా లేచి ఉన్నాయి. వేడికి జారిందిలే అనుకుని మరలు తిప్పడం మొదలుపెట్టాడు. అసలు తప్పు అక్కడ జరిగింది బుజ్జమ్మా. వ్యానులో పెట్టినది తెలియక. కానీ తీగలు ఎత్తుగా లేచాయంటే మెడ కదిలిందనే అర్థం, ఆ సంగతి ఆయనకు తెలుసు. వెంటనే తీగలన్నీ వదులు చేసి, కేసు మూసి, ఈ రాత్రి బేస్ లేదని చెప్పవలసింది. పెళ్లికొడుకు తండ్రి వెనకే నిలబడి ఇంకా ఎంతసేపని అడుగుతున్నాడు. అడ్వాన్సు తీసుకున్నామని మేనేజరు కంగారు పెడుతున్నాడు. ఆయన బిగించాడు. మూడో తీగ శ్రుతికి వస్తుండగా పొట్టలోంచి చిన్న చప్పుడు వచ్చింది. చూస్తే మెడ మొదట్లో పలక అంచు లేచి, రూపాయి బిళ్ల దూరేంత సందు. ఆ రాత్రి కీబోర్డు కుర్రాడే ఎడమచేత్తో బేస్ పలికించి మమ్మల్ని గట్టెక్కించాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు ఆ ఊరి వడ్రంగి, సాయం చేద్దామనే, తెల్ల జిగురు దట్టంగా పూసి రెండు మేకులు దిగ్గొట్టాడు. తరువాత నూజివీడులో వీణలు చేసే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాం. ఎండ సంగతి చెబితే ఆయన తల ఊపి ఊరుకున్నాడు గాని ఆ మేకులు చూసి మా అందరినీ కలిపి తిట్టాడు. తోలునుంచి తీసిన పాత జిగురైతే వేడి, తడి తగిలించి పల్చటి కత్తితో విడదీయవచ్చు, మళ్లీ అతికించవచ్చు. తెల్ల జిగురు చెక్కలోకి ఇంకిపోతే విడదీసేటప్పుడు చెక్కే ఊడివస్తుంది. అలాగే అయింది. చివరికి ఆయనకు తెలిసిన పనసచెక్కతో కొత్త పలక వేసి ఇచ్చాడు. చూడటానికి ముచ్చటగానే ఉండేది, మోగేది కూడా. ఆ "ధుం" మాత్రం పోయింది. అన్న బరువైన బేస్ ఒకటి కొనుక్కుని దీన్ని గోడకు తగిలించాడు. నేను అడిగితే ఇచ్చేవాడే, అడగలేకపోయాను.

అందుకని చెబుతున్నాను. కారులో వదలవద్దు, బస్సు డిక్కీలో వెయ్యవద్దు, టీ తాగే పది నిమిషాలకు కూడా వద్దు. ఆటో అయినా రైలయినా అది నీ పక్కనే ఉండాలి. ఇప్పుడు వాడే జిగురు వేరని దుకాణంవాడు అంటాడు. అననీ. తీగలు హఠాత్తుగా ఎత్తుగా కనబడితే మాత్రం ఎవరు తొందరపెట్టినా బిగించకు, వదులు చేసి నాకు ఫోన్ చెయ్యి.

వ్యానులో వదిలితే వేడి ఒక్కటే కాదు భయం. మెకార్ట్నీ కొన్న ఆ 1961 బేస్ పోయినది కూడా వ్యానులోంచే, 1972లో, లండన్‌లో. యాభై ఏళ్లు దాటాక ఎవరి ఇంటి అటక మీదో దొరికి ఆయనకు చేరింది, ఆ కబురు 2024లో లోకానికి తెలిసింది. ఆయన దగ్గర 1963లో తీసుకున్న రెండోది ఉంది కాబట్టి పని ఆగలేదు. నీకు రెండోది ఎవరు కొంటారు? మీ నాన్నా?

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. పందిళ్లకు కరెంటు ఎక్కడినుంచి లాగుతారో నేను చూశాను. ఎర్తు ఉండదు, ఉన్నా ప్లగ్గు మూడో కాలు విరిచి గుచ్చుతారు. చాలా గిటార్ల తీగలు ఆంప్లిఫయర్ ద్వారా ఎర్తుకు కలిసి ఉంటాయి. మైకు పోయేది మిక్సరుకు, మిక్సరు ఇంకో లైనుకు. తీగల మీద చెయ్యి ఉంచి పెదవులు మైకుకు ఆనిస్తే ఆ రెండింటినీ కలిపే వైరు నువ్వే అవుతావు. దసరా రోజుల్లో వాన పడి నేల తడిగా ఉంటుంది కూడా. వేదిక ఎక్కిన ప్రతిసారీ మల్టీమీటర్ ఒక కొన తీగకు, ఒక కొన మైకు జాలీకి పెట్టి ఏసీ వోల్టులు చూడు. ఇంజినీరింగు చదివావు, ఇది నాకన్నా నీకే బాగా తెలియాలి. ముల్లు సున్నా దగ్గర లేకపోతే దిగిపో. మైకుకు స్పాంజి తొడుగు వెయ్యి, కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి. పట్టుచీర మీదికి బాగుండవని మీ అమ్మ అంటుంది, వినకు. "ఏమీ కాదు మేడం" అనేవాణ్ణి ముందు పట్టుకుని చూపించమందామనిపిస్తుంది. వద్దులే, వాడూ ఎవరికో ఒకరికి బిడ్డే. నువ్వు దిగిపో, అంతే.

చెవులకు దూది కాదు, అందుకోసం అమ్మే బిరడాలు కొనుక్కో. డ్రమ్ముల తాళాల పక్కన నిలబడి నిలబడి నా కుడి చెవి ఏమైందో నీకు తెలుసు. ప్రోగ్రాం అయ్యాక రాత్రి మంగళగిరి మీదుగా ఎవరి బండి వెనకా రావద్దు, అక్కడే ఎవరింట్లోనైనా పడుకుని పొద్దున్నే రా.

కొనే రోజున దుకాణంలోంచి ఫోన్ చెయ్యి, వీడియో అక్కరలేదు. నాలుగు తీగల మీదా మెట్టు మెట్టుకూ నెమ్మదిగా మీటు, ఎడమ చెవికి ఫోను ఆనించుకుని వింటాను. పన్నెండో మెట్టు మీద నొక్కితే వట్టి తీగ స్వరమే పై స్థాయిలో పలకాలి. తేడాగా ఉంటే పలక మీద తీగలను ఎత్తిపట్టే బ్రిడ్జి కాస్త జరిపితే సరిపోతుంది, ఎందుకంటే దాన్ని పలకకు బిగించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అందువల్లనే తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకూడదు, ఒకదాని తరువాత ఒకటి. తీగల ప్యాకెట్ కొనేముందు పొడవు చూసుకో, పెద్ద బేసులవి దీనికి కుదరవు. మొదటిసారి మార్చడానికి మాత్రం ఇక్కడికే రా.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. పెదనాన్న ఒప్పుకున్నాడని నువ్వు ముందే చెప్పేయకు, వాడికి పంతం పెరుగుతుంది. ప్రోగ్రాం ఏ రోజో తేదీ రాయి, మీ పెద్దమ్మ అప్పుడే గుంటూరు ప్రయాణం కట్టింది. మాకు ముందు వరస వద్దు. స్పీకర్ల పక్కన కాకుండా రెండు కుర్చీలు ఎక్కడ వేయించినా సరే.

ఆశీస్సులతో,
పెదనాన్న