అత్తయ్య టిఫిన్ మర్చిపోతారు, ఉప్పెన మర్చిపోరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మతిమరుపు, జ్ఞాపకశక్తి మీదే ఉన్నాయి. అందుకని మిగతావి వచ్చే సంచికకి ఉంచి వీటినే తీసుకున్నాను.

ప్రశ్న: మా అత్తయ్యకి 76 ఏళ్లు. సొంతూరు అవనిగడ్డ దగ్గర, ఇప్పుడు హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున పెసరట్టు తిని, ప్లేటు సింక్‌లో పెట్టేలోపే "నాకింకా టిఫిన్ పెట్టలేదేంటమ్మా" అంటారు. ఎదురు ఫ్లాట్ వాళ్లతోనూ అదే మాట. అదే 1977 దివిసీమ ఉప్పెన గురించి అడగండి, ఆ రాత్రి ఇంట్లో ఎవరెక్కడున్నారో, నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో పూస గుచ్చినట్టు చెప్తారు. మొన్న సంక్రాంతికి చుక్కల ముగ్గు ఒక్క మెలిక తప్పకుండా వేశారు. "అన్నీ గుర్తుండి తిండి ఒక్కటే మర్చిపోతుందా, కావాలనే చేస్తోంది" అని మా వారు. "మా అమ్మకి సరిగ్గా పెడుతున్నావా వదినా" అని ఆడపడుచు ఫోన్. ఇది నాటకమా, జబ్బా? – ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: నాటకం అయ్యే అవకాశం చాలా తక్కువండీ. మీరు రాసిన మూడు సంగతులూ, అంటే టిఫిన్, ఉప్పెన, ముగ్గు, మనకి పైకి ఒకే జ్ఞాపకశక్తిలా కనిపిస్తాయి గానీ మెదడు వాటిని వేర్వేరుగా చూసుకుంటుంది, అందుకే ఒకటి దెబ్బతిన్నా మిగతా రెండూ చెక్కుచెదరకుండా ఉండొచ్చు.

ఈ సంగతి గట్టిగా తెలిసింది అమెరికాలో జరిగిన ఒక ఆపరేషన్ వల్ల. హెన్రీ మొలైసన్ అనే అతనికి చిన్నప్పటినుంచి మూర్ఛ. ఏ మందుకీ లొంగలేదు. 1953లో, అతనికి 27 ఏళ్లప్పుడు, స్కోవిల్ అనే సర్జన్ కణతల లోపలి భాగాన్ని రెండు వైపులా తీసేశాడు. హిప్పోకాంపస్ అనే భాగం చాలావరకు అందులోనే పోయింది. మూర్ఛ తగ్గింది, తెలివి తగ్గలేదు, మాటలో తేడా లేదు. కానీ అప్పటినుంచి 2008లో చనిపోయేదాకా కొత్తగా జరిగిన సంగతి అతనికి దాదాపు ఏదీ నిలవలేదు. ఇప్పుడే భోజనం చేశానన్నది నిలవదు, ఏళ్ల తరబడి వచ్చిపోతున్న పరిశోధకుల మొహాలు నిలవవు. చిన్ననాటి సంగతులు మాత్రం ఉన్నాయి.

ఇక ముగ్గు దగ్గరకి వద్దాం. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త హెన్రీతో ఒక పని చేయించారు. కాగితం మీద నక్షత్రం బొమ్మ, దాని అంచు రెండు గీతల మధ్య ఉంటుంది, ఆ సందులోంచి పెన్సిల్ పోనివ్వాలి, కానీ చెయ్యినీ కాగితాన్నీ అద్దంలో మాత్రమే చూడాలి. ఇంట్లో ప్రయత్నించండి, చెయ్యి ఎంత మొండికేస్తుందో తెలుస్తుంది. హెన్రీ మూడు రోజుల్లో చక్కగా గీసేశాడు. అంతకుముందు ఎప్పుడైనా చేశావా అంటే మాత్రం గుర్తు లేదు! చేతికి పట్టుబడిన పనులకి హిప్పోకాంపస్‌తో పెద్దగా పని లేదు, అవి మెదడు లోతుల్లో ఉండే బేసల్ గ్యాంగ్లియా, వెనకాల ఉండే చిన్నమెదడు చూసుకుంటాయి. మీ అత్తయ్య ముగ్గు అక్కడిది.

ఉప్పెన సంగతి వేరు. ప్రాణభయంతో గడిపిన రాత్రి కాబట్టి అమిగ్డాలా అనే చిన్న భాగం ఆ జ్ఞాపకాన్ని మొదట్లోనే బలంగా నాటేస్తుంది, తర్వాత దాదాపు యాభై ఏళ్లుగా పిల్లలకీ మనవలకీ చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త గట్టిపడి మెదడు పైపొరల్లో పాతుకుపోతుంది. (చెప్పిన ప్రతిసారీ కొంచెం మారుతుంది కూడా, అది మనందరికీ జరిగేదే, వివరాల దగ్గర ఆవిడతో వాదించకండి.) పొద్దుటి పెసరట్టుకి మాత్రం హిప్పోకాంపస్ పనిచేస్తేనే దిక్కు. అల్జీమర్స్‌లో చాలామందికి తొలి దెబ్బ తగిలేది సరిగ్గా దానికీ, దాని పక్కనున్న భాగానికీ.

అలాగని ఉత్తరం చదివి అల్జీమర్స్ అని నేను తేల్చేయకూడదు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, కొన్ని రకాల నిద్రమాత్రలు వాడుతున్నా ఇలాగే మర్చిపోతారు, వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌కి చూపించండి. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. టిఫిన్ తిన్నది గుర్తులేని మనిషికి షుగర్ మాత్ర వేసుకున్నదీ గుర్తుండదు కాబట్టి మాత్రలు ఇవాళ్టినుంచే మీ చేతుల్లోకి తీసుకోండి, గ్యాస్ పొయ్యి కూడా.

ఇంకొకటి, ఇది మీ వారికి చదివి వినిపించండి. జెనీవాలో క్లాపరేడ్ అనే డాక్టర్ దగ్గర, కొత్తవేవీ గుర్తుండని ఒక పేషెంట్ ఉండేది. ఒకసారి ఆయన గుండుసూది చేతిలో దాచుకుని ఆమెకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు (ఇప్పుడైతే ఉద్యోగం ఊడేది). ఆ తర్వాత చెయ్యి చాపితే ఆమె ఇవ్వనంది. ఎందుకో ఆమెకే తెలియదు, సూది గుచ్చుకున్న సంగతే గుర్తు లేదు. 1911లో ఆయనే ఇది రాశాడు. "ఇప్పుడే తిన్నావు కదా" అని గదిమితే మీ అత్తయ్య ఆ మాట మర్చిపోతారు, నొచ్చుకున్న మనసు మాత్రం అలాగే ఉండొచ్చు. అడిగినప్పుడు సగం అరటిపండో, కాసిని టీయో చేతిలో పెట్టి ఉప్పెన సంగతి ఎత్తండి. ఆడపడుచుని ఒక నాలుగు రోజులు వచ్చి ఉండమనండి, ఫోన్లు వాటంతట అవే ఆగుతాయి.

ప్రశ్న: మనం మెదడులో పది శాతమే వాడతామట, నిజమేనా? – డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: కాదు. ఒంటి బరువులో మెదడు రెండు శాతం ఉంటుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో మాత్రం దాదాపు ఇరవై శాతం అదే తినేస్తుంది. పనికిరాని తొంభై శాతాన్ని ఇంత ఖర్చు పెట్టి పోషించే జీవి పరిణామంలో ఇన్ని లక్షల ఏళ్లు నెట్టుకొచ్చేది కాదు.

ప్రశ్న: మా వాడు ఇంటర్ ఎంపీసీ. రాత్రి ఒంటిగంట దాకా చదివి, తెల్లారి నాలుగున్నరకే లేస్తాడు. అయినా పరీక్షలో గుర్తు రావట్లేదంటాడు. జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా చెప్పండి. – ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: "అయినా" కాదండీ, అందుకే గుర్తు రావట్లేదు. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే ఇద్దరు ఎలుకల హిప్పోకాంపస్‌లో తీగలు పెట్టి చూశారు. మెలకువగా తిరుగుతున్నప్పుడు కలిసి మోగిన (అంటే ఒకేసారి విద్యుత్ సంకేతాలు పంపిన) కణాలు ఆ తర్వాత నిద్రలో మళ్లీ కలిసి మోగాయి. పగటి పాఠం గట్టిపడేది చాలావరకు నిద్రలోనే. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలి, మీ వాడికి మూడున్నర దక్కుతోంది. పైగా టీనేజ్‌లో ఒంటి గడియారమే ఆలస్యంగా తిరుగుతుంది, నాలుగున్నరకి లేపడమంటే సగం నిద్రలో పుస్తకం పట్టించడమే. టానిక్ డబ్బులు మిగుల్చుకుని ఒక పని చేయించండి: చదివింది మళ్లీ మళ్లీ చదవడం కాకుండా పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాసి చూసుకోమనండి. 2006లో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగంలో, మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా రాశారు, వారం తర్వాత పెట్టినదాంట్లో మాత్రం చూడకుండా రాసి చూసుకున్నవాళ్లే ముందున్నారు. కాలేజీవాళ్లు ఒప్పుకోరంటారా, హాస్టల్ కాదు కదా, ఇంట్లో లైటు ఆర్పేది మీరే.

ప్రశ్న: అష్టావధానులు చివర్లో పద్యాలన్నీ ధారణ చేస్తారు కదా, వాళ్ల మెదడు పుట్టుకతోనే వేరుగా ఉంటుందా? – తెలుగు టీచర్, రాజమండ్రి

జవాబు: జ్ఞాపకశక్తి పోటీల్లో నెగ్గినవాళ్ల మెదళ్లని 2003లో లండన్‌లో స్కాన్ చేశారు. నిర్మాణంలో తేడా కనిపించలేదు, తెలివితేటల పరీక్షల్లోనూ మామూలువాళ్ల కంటే ఎక్కువేం రాలేదు. వాళ్లలో దాదాపు అందరూ వాడేది ఒకటే ఉపాయం: తెలిసిన దారిలో ఒక్కోచోట ఒక్కో వస్తువుని ఊహించి పెట్టుకోవడం. 2017లో మామూలు మనుషులకి రోజుకి అరగంట చొప్పున ఆరు వారాలు ఇదే నేర్పితే, 72 మాటల్లో సగటున 26 గుర్తుపెట్టుకునేవాళ్లు 62 దాకా వెళ్లారు.

మన అవధానికి ఇంకో వసతి ఉంది, అది మీకు నేను చెప్పాలా! ఉత్పలమాల అనుకోండి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం దగ్గర యతి, గురులఘువుల వరస ముందే ఖాయం. ఒక మాట జారిపోయినా ఆ చోట్లో పట్టేవి ఏ కొన్నో మాత్రమే, అందులోనూ అర్థం కుదరాలి. పైగా ఆ పద్యం ఎవరో చెప్పింది కాదు, ఆయనే కట్టింది. వినింది కంటే సొంతంగా అల్లింది బాగా నిలుస్తుందని ప్రయోగాల్లోనూ తేలింది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడటం పైకి ఇబ్బందే గానీ, ధారణకి మాత్రం అది సాయమే చేస్తుందని నా అనుమానం: అంత కుస్తీ పట్టిన అక్షరం అంత తొందరగా వదిలిపోదు. మీ క్లాసులో పిల్లలతో ఒక ఆటవెలది సొంతంగా రాయించి వారం తర్వాత అడగండి, శతకంలో బట్టీ పట్టించినదీ అడగండి. ఏది వచ్చిందో మాకూ రాయండి.