ఇల్లంతా కాదు, మీరిద్దరూ కూర్చునే చోటు చాలు

ప్రశ్న: మాకు పెళ్లై ఆరేళ్లయింది. కిందటేడు ప్రేమికుల రోజున సగం రోజు కష్టపడి హాలంతా ఎర్ర బెలూన్లు, రిబ్బన్లు, కాగితం హార్ట్‌లు కట్టాను. మావారు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగి, "రేపు ఇవన్నీ ఎవరు తీస్తారు?" అన్నారు. ఆ రాత్రి మేం మాట్లాడుకోలేదు. ఈసారి కూడా ఏదైనా చెయ్యాలనే ఉంది, మళ్లీ ఆ మాట వినాల్సొస్తుందేమోనని భయం. సింపుల్‌గా ఎలా చెయ్యాలి?

జవాబు: స్టూలు ఎక్కీ దిగీ కట్టిన బెలూన్లలో మీకు ప్రేమ కనిపించింది, ఆయనకు మర్నాటి పని కనిపించింది. ఎంత అలసి వచ్చినా ఆయన మొదట మీ మొహం చూసి ఉండాల్సింది. ఆ మాటకు మీ మనసు నొచ్చుకుందని ఆయనకు చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. చెప్పకపోతే, అలంకరణ సంగతి తర్వాత, ముందు అది చెప్పండి. ఫిబ్రవరి 14న కాదు, ఏదో ఒక మామూలు సాయంత్రం, దెప్పినట్టు కాకుండా: "ఆ రోజు మీరలా అంటే నాకు ఏడుపొచ్చింది." అంతే చాలు.

ఇంకో సంగతి. సర్‌ప్రైజ్ అనుకుంటూ మనం ఒక్కోసారి అవతలి మనిషికి పరీక్ష పెట్టేస్తాం. తలుపు తియ్యగానే మొహం వెలిగిపోవాలి, లేకపోతే మన మనసు చివుక్కుమంటుంది. అప్పటిదాకా ఆఫీసు తలనొప్పుల్లో ఉన్నవాళ్లకు అది తేలిక కాదు. అందుకే ఈసారి ముందే చెప్పేయండి. లైట్ల తీగ కట్టే పని ఆయనకే అప్పగించండి.

ఇల్లంతా వద్దు. మీరిద్దరూ రోజూ కూర్చునే చోటు ఒక్కటి చాలు. ముందు అక్కడున్నవి తీసెయ్యండి: ఛార్జర్ వైర్లు, పాత పేపర్లు, మడత పెట్టాల్సిన బట్టలు. సగం అలంకరణ దాంతోనే అయిపోతుంది. తర్వాత పైనున్న ట్యూబ్‌లైట్ ఆపెయ్యండి. నన్నడిగితే వెలుతురు ఒక్కటి మారిస్తే బెలూన్లే అక్కర్లేదు. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలత) అనో, వార్మ్ వైట్ అనో ఉన్నది తీసుకోండి. 6500 ఉన్నది తెల్లగా కొడుతుంది, ఆఫీసులో కూర్చున్నట్టే ఉంటుంది. ఆ బల్బు పెట్టిన దీపాన్ని కూర్చున్నప్పుడు కళ్లకు సమానంగా, పక్కన పెట్టండి. పైనుంచి వెలుతురు పడితే కళ్ల కింద నీడలొచ్చి ఇద్దరూ అలసిపోయినట్టు కనిపిస్తారు.

అన్నీ ఎరుపే కొనకండి. వెలుతురు బాగా తగ్గితే మన కంటికి ఎరుపు నల్లబడినట్టు కనిపిస్తుంది. దీన్ని గమనించిన శాస్త్రవేత్త పర్కింజీ పేరుతోనే ఈ మార్పును పిలుస్తారు. తెల్ల పూలూ, లేత రంగు పూలూ మసకలోనూ తేలి కనిపిస్తాయి. ఐదారు పూలు చాలు. కాడలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తుంచెయ్యండి, లేకపోతే అవి కుళ్లి నీళ్లు పాడవుతాయి. పండ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టొద్దు. మాగే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు చాలా రకాల పూలు త్వరగా వాడిపోతాయి. ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీలు తేకండి, దానికవి విషం.

కొవ్వొత్తి వెలిగిస్తే కర్టెన్‌కు కనీసం అడుగు దూరంలో ఉంచి, నిద్రకు ముందు ఆర్పెయ్యండి.

వీటన్నిటి మధ్య మీ ఆరేళ్లలోంచి ఒక వస్తువు పెట్టండి. కలిసి వెళ్లిన ప్రయాణం టికెట్టో, అంచులు నలిగిన ఫొటోనో. కొనుక్కొచ్చిన వాటికంటే అదే మీ ఇద్దరినీ ఎక్కువ మాట్లాడిస్తుందని నా నమ్మకం.

మొత్తం సామాను ఒక అట్టపెట్టెలో పట్టేంతే ఉండాలి. మర్నాడు ఇద్దరూ కలిసి పది నిమిషాల్లో సర్దెయ్యొచ్చు. పూలు మాత్రం అక్కడే ఉంచి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి.